బానిసత్వం పోవడంలో అక్షరం చేసిన పని

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాతో, "మీరు పుస్తకాలు చదువుతారు గదా, సాహిత్యం మీద నాలుగు ముక్కలు చెప్పండి, భోజనాల వేళకు మాత్రం ముగించండి" అన్నారు. ఆ ఆజ్ఞ శిరసావహిస్తాను.

డిసెంబరు నెలలో తలచుకోదగ్గ రోజులు రెండున్నాయి. డిసెంబరు 17 మనది. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ పండుగ చేసుకుంటున్నాం. రెండోది డిసెంబరు 2. అది ప్రపంచ బానిసత్వ నిర్మూలన దినం. మనుషుల్ని సరుకులా అమ్మి లాభం తీసే పద్ధతిని అణచడానికి ఐక్యరాజ్య సమితి 1949లో ఆ తేదీన ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. మన పండుగకూ ఆ రోజుకూ చుట్టరికం ఉందని నా మనవి. చేసిన పనికి ప్రతిఫలం హక్కా, దయా అన్నదే రెండింటిలోనూ ఉన్న ప్రశ్న. ఇది హక్కు అని లోకం చేత ఒప్పించడంలో కథ, పాట, నాటకం, నవల చేసిన పని గురించి ఈ పూట చెప్పదలచాను.

ముందు బయటి లోకం సంగతి క్లుప్తంగా చూద్దాం. ఆఫ్రికా నుంచి పట్టుకుపోయిన మనుషుల వ్యాపారం మీద ఇంగ్లండులో ఆందోళన సాగుతున్న రోజుల్లో, 1789లో ఒలౌదా ఈక్వియానో అనే మాజీ బానిస తన జీవిత కథను తానే రాసి అచ్చు వేయించాడు. ఓడ అడుగున గొలుసులతో మనుషుల్ని ఎలా కుక్కారో అనుభవించినవాడిగా రాశాడు. అంతకుముందు పార్లమెంటులో లెక్కలు వినిపించేవి. ఆయన పుస్తకంతో ఒక మనిషి గొంతు వినిపించింది. 1807లో బ్రిటిషువారు బానిసల వ్యాపారాన్ని నిషేధించారు. 1833లో బానిసత్వాన్నే రద్దు చేస్తూ చట్టం చేశారు. అందులో ఒక విశేషం మనవంటి ఆఫీసువాళ్ళకు బాగా అర్థమవుతుంది. నష్టపరిహారం కింద 2 కోట్ల పౌండ్లు మంజూరయ్యాయి. ఆ సొమ్ము యజమానులకు ముట్టింది. కొరడా దెబ్బలు తిన్నవారికి పైసా రాలేదు. పైపెచ్చు ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన దేశానికి వర్తించలేదు. మనకు 1843లో వేరే చట్టం వచ్చింది.

అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ అనే ఆయన 1838లో బానిసత్వం నుంచి తప్పించుకుని ఉత్తరాది రాష్ట్రాలకు చేరాడు. సభల్లో మాట్లాడుతుంటే జనం, "ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా ఉన్నాడంటే ఎలా నమ్మేది?" అన్నారు. దానికి జవాబుగా 1845లో ఆయన తన కథ రాసి, యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లతో సహా అచ్చు వేయించాడు. ఆ వివరాలతో పాత యజమాని తనను మళ్ళీ పట్టుకోవచ్చు. తెలిసే రాశాడు. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి సముద్రం దాటి బ్రిటన్‌కు వెళ్ళవలసి వచ్చింది. అక్కడి మిత్రులు చందాలు పోగుచేసి, యజమానికి సొమ్ము కట్టి, 1846లో ఆయనకు విముక్తి పత్రం సంపాదించారు.

1852లో హారియట్ బీచర్ స్టో అనే గృహిణి రాసిన 'అంకుల్ టామ్స్ కాబిన్' నవల పుస్తకంగా వచ్చింది. మొదటి ఏడాదిలోనే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అంతర్యుద్ధం రోజుల్లో లింకన్ ఆమెను చూసి, ఈ యుద్ధం తెచ్చిన చిన్న అమ్మ మీరేనా అన్నాడని ఉపన్యాసకులంతా చెబుతారు. ఆ మాటకు నాటి రాతపూర్వక ఆధారం ఏమీ లేదు. ఆధారం లేని కాగితం మీద సంతకం చేయకపోవడం మనకు అలవాటు కనుక దాన్ని పక్కన పెడదాం. 3 లక్షల ప్రతులు మాత్రం నిజం. 1865లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చి బానిసత్వం చట్టరీత్యా పోయింది. నవల వచ్చిన 13 ఏళ్ళకు అన్నమాట.

ఈ వార్త మన దేశం దాకా వచ్చింది. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే మరాఠీలో 'గులాంగిరీ' రాసి, నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. అక్కడి గొలుసులను చూసి ఇక్కడి గొలుసులను గుర్తుపట్టిన మొదటివారిలో ఆయన ఒకరు.

ఇక మన ఇంటికి వద్దాం.

బానిస అనే మాట వింటే మనకు ఓడలు, గొలుసులు, అమెరికా పత్తి చేలు గుర్తొస్తాయి. మన పల్లెల్లో బానిస అనే మాటే వినపడేది కాదు. జీతగాడు, పాలేరు, పసులు కాసే పిల్లోడు, వెట్టివాడు అనేవారు. చిన్నప్పుడు మనమందరం చూసినవాళ్ళే. తండ్రి పెళ్ళికో, రోగానికో, కరువులో గింజలకో కొంత అప్పు తీసుకుంటాడు. దానికి బదులు కొడుకును జీతానికి పెడతాడు. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలు, ఒక జత పంచెలు, చెప్పులు, ఒక కంబళి అని మాట. పని మానిన రోజు పద్దులో ఎక్కుతుంది. కొట్టంలో ఎద్దు కాలు విరిగినా పద్దులో ఎక్కుతుంది. అసలు తగ్గదు, వడ్డీ పెరుగుతుంది. తండ్రి పోతే కొడుకు మీదికి, కొడుకు తరువాత మనవడి మీదికి అప్పు దిగుతుంది. పద్దు రాసేది అప్పిచ్చినవాడు. చదవడం రానివాడు దాని కింద వేలిముద్ర వేస్తాడు.

మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరిని 1950 లోనే నిషేధించింది. దాన్ని అమలు చేయడానికి వెట్టి కార్మిక విధాన రద్దు చట్టం వచ్చేసరికి 1976 అయింది. 1976 సంవత్సరపు 19వ నెంబరు చట్టం అది. 1975 అక్టోబరు 25 నుంచి అమలులోకి వచ్చినట్టు లెక్క. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం రెండో సెక్షనులోని ఒక వివరణ. దేశంలో ఎక్కడెక్కడ ఈ చాకిరిని ఏమేమి పేర్లతో పిలుస్తారో ముప్పై దాకా పేర్లు అందులో వరుసగా రాశారు. ఆ జాబితాలో 'జీత' ఉంది, 'పాలేరు' ఉంది, 'వెట్టి' ఉంది. తెలంగాణలో చెలామణి అయిన 'భగేలా' కూడా ఉంది. మన పల్లె మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కడం సామాన్యమైన సంగతి కాదు. పేరు ఏదైనా, ఆ పేరు గల చాకిరి వెనక అప్పు ఒప్పందం ఉన్నట్టే భావించాలని చట్టం చెప్పింది. అప్పు రద్దు. మనిషి విముక్తుడు. అప్పు లేదు, ఇది వెట్టి కాదు అని నిరూపించవలసిన భారం అప్పిచ్చినవాడిదే. నేరానికి మూడేళ్ళ దాకా జైలు, 2 వేల రూపాయల దాకా జరిమానా.

చట్టం వచ్చిన కొత్తలో నేను ఒక చిన్న కార్యాలయంలో గుమాస్తాను. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కూడా నిండలేదు. విచారణకు వెళ్ళే అధికారి వెంట ప్రొఫార్మాలు పట్టుకుని నేనూ వెళ్ళేవాడిని. ఒక ఊళ్ళో నలభై ఏళ్ళ మనిషి మా ముందు నిలబడ్డాడు. "నువ్వు వెట్టి చాకిరి చేస్తున్నావా?" అని అడిగారు అధికారి.

"లేదు సామీ, నేను ఆ ఇంటి మనిషిని" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాకు పండ్లు ఊడే వయసులో వచ్చినా."

"జీతం ఎంత?"

"తెలవదు సామీ. మా నాయన బాకీలోకి పోతుంది."

"ఆ బాకీ ఎంత?"

"అదీ తెలవదు. వాళ్ళకు తెలుసు."

ప్రొఫార్మాలో మొదటి గడి ఒక్కటే నింపి వచ్చేస్తే 'కాదు' అని రాసుకుని రావాలి. ఆయన ఓపిక గల అధికారి గనుక నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగో జవాబుకు అసలు సంగతి బయటపడింది. ఆ మనిషికి అబద్ధం చెప్పాలనే ఉద్దేశం లేదు. తన స్థితికి అలాంటి పేరు ఉందని అతనికి తెలియదు, అంతే.

విముక్తి పత్రం రాసేటప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. ఊరంతా అతన్ని పేరు చివర 'గాడు' తగిలించే పిలిచేది. పాత కాగితాల్లో కూడా అలాగే ఉంది. పత్రంలో పూర్తి పేరు, తండ్రి పేరు రాయాలి. పూర్తి పేరు అడిగితే చాలాసేపు ఆలోచించి చెప్పాడు. తండ్రి పేరు కూడా చెప్పాడు. నేను రెండూ రాసి, చదివి వినిపించాను. ఇంకొకసారి చదవమన్నాడు. మళ్ళీ చదివాను. ఉద్యోగ జీవితంలో ఎన్నో వేల కాగితాలు ఫెయిర్ కాపీ రాశాను. రాసింది మళ్ళీ చదవమని కోరినవాడు అతనొక్కడే నాకు గుర్తు.

తరువాత పుస్తకాలు చదివిన కొద్దీ నాకు ఒకటి అర్థమైంది. చట్టం చేయడానికి ముందు ఎవరో ఒకరు ఆ చాకిరికి పేరు పెట్టాలి. 'ఇంటి మనిషి' అనే తియ్యటి మాట వెనక ఏముందో చూపాలి. చూసేవాడికీ, అనుభవించేవాడికీ కూడా చూపాలి. ఆ పని చేసింది సాహిత్యం.

మన తెలుగులో ఆ పనికి పెద్దదిక్కు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఆయన గుంటూరు సీమ మనిషి, బారిష్టరు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళి అక్కడ రాసిన నవల ఇది. 1922లో అచ్చయింది. అందులో ప్రధాన కుటుంబం రామదాసుది, దళిత కుటుంబం. కొడుకు సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. ఆసామి చౌదరయ్య చేతిలో దెబ్బ తిని చనిపోతాడు. మరో కొడుకు వెంకటదాసు దారి మళ్ళి, ఉన్నవారిని దోచి లేనివారికి పంచుతాడు. అప్పటిదాకా మన నవలల్లో పాలేరు అంటే బండి కట్టమంటే కట్టేవాడు, చెంబు అందించమంటే అందించేవాడు. ఈ నవలలో అతను కథకు నాయకుడు. అతని ఇంట్లో ఏం వండారో, అతని తల్లి ఎందుకు ఏడ్చిందో, కూలి గింజల లెక్క ఏమిటో నవల చెబుతుంది.

మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం పూర్తిగా తొలగడానికి 1937లో కాంగ్రెసు మంత్రివర్గం రావలసి వచ్చింది. ఏ ప్రభుత్వమూ పనికిమాలిన పుస్తకాన్ని నిషేధించడానికి ఫైలు నడపదు. ఆ నిషేధం ఉత్తర్వే ఆ నవలకు దొరికిన పెద్ద యోగ్యతా పత్రం.

రెండోది బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం. స్వాతంత్ర్యానికి ముందే రాశారు. కోనసీమ మామిడికుదురులో పుట్టిన భీమన్న గారు స్వయంగా ఆ జీవితం దగ్గర నుంచి చూసినవారు. ఆ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. ఇప్పుడు వింటే సినిమా కథలా ఉంటుంది. ఆ రోజుల్లో పొలం గట్టు మీద పుట్టి, పొలం గట్టు మీదే పోవలసినవాడు కుర్చీలో కూర్చోవడం రంగస్థలం మీద చూడటమే వింత. ఆ నాటకం చూసి కొడుకుల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులు ఉన్నారని అంటారు. చట్టంలోకి ఆ మాట ఎక్కక మునుపే నాటకానికి పేరుగా ఎక్కింది.

మూడోవారు మనకు పొరుగువారే. మార్కాపురం రోడ్డు స్టేషనులో గుంటూరు వైపు రైలెక్కితే దొనకొండ దాటి కొంతదూరం పోతే వినుకొండ వస్తుంది. గుర్రం జాషువా గారు 1895లో అక్కడ పుట్టారు. 1941లో ఆయన 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు మేఘుణ్ణి దూతగా పంపితే, జాషువా గారు గబ్బిలాన్ని పంపారు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో తన బాధ కాశీలోని శివుడికి చెప్పమని వేడుకుంటాడు. అప్పు మెడకు చుట్టుకున్నవాడు ఏదో ఒక రోజు తీర్చగలనని అనుకోవచ్చు. అంటరానితనం మెడకు చుట్టుకున్నవాడికి ఆ ఆశ కూడా లేదు. వెట్టి చాకిరి కిందికి ఎవరు వచ్చారో చూడండి. ఎక్కువమంది అంటరానివారుగా ఉంచబడినవారు, గిరిజనులు. జాషువా గారు నేరుగా వెట్టి మీద రాయకపోయినా, వెట్టికి మనిషిని సిద్ధం చేసి ఇచ్చే ఏర్పాటు మీద రాశారు. పైగా పండితులు ఔననక తప్పని పద్యంలో రాశారు.

నిజాం ఏలుబడిలోని తెలంగాణలో వెట్టి ఇంకా బాహాటం. దేశ్‌ముఖులకు, అధికారులకు ప్రతి కులమూ ఊరికే చాకిరి చేయాలి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ పత్రిక' సంపాదకులు. వట్టికోట ఆళ్వారుస్వామి గారి సంగతి మన లైబ్రరీవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. చిన్నతనంలో ఇళ్ళల్లో వంటపని చేశారు, హోటలులో పనిచేశారు. చదువు తానే నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. తరువాత 'ప్రజల మనిషి' నవలలో తెలంగాణ పల్లెను, దొర గడీని, వెట్టిని చూపించారు. సేవకుడిగా బతికినవాడు సేవకుల కథ రాయడమంటే డగ్లస్ కథకు మన దగ్గర దొరికే జోడు అదే.

సుద్దాల హనుమంతు గారు పసులు కాసే జీతగాడైన చిన్న పిల్లవాణ్ణి పలకరిస్తూ ఒక పాట కట్టారు. దాన్ని తరువాత 'మా భూమి' సినిమాలో వాడారు. 1980లో ఆ సినిమా విడుదలైనప్పుడు ఆ పాట విని హాల్లో కళ్ళు తుడుచుకోనివారు తక్కువ. అదే పేరుతో అంతకుముందు 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు నాటకం రాశారు. ప్రజా నాట్యమండలి దళాలు దాన్ని కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడాయి. దానికీ మద్రాసు ప్రభుత్వ నిషేధం తప్పలేదు. నవల చదవాలంటే అక్షరం రావాలి. పాటకూ నాటకానికీ ఆ అడ్డు లేదు. వెట్టివాడికి నేరుగా చేరిన సాహిత్యం అదే.

1980లో మరొక పుస్తకం తెలుగులోకి వచ్చింది. అమెరికన్ రచయిత అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ను సహవాసి గారు క్లుప్తంగా 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆఫ్రికాలో గాంబియా దేశపు జుఫూరే పల్లె నుంచి కుంటా కింటే అనే యువకుణ్ణి పట్టుకుపోయి అమ్ముతారు. యజమాని అతనికి టోబీ అని పేరు పెడతాడు. పారిపోబోతే పాదం నరుకుతారు. పాదం పోయినా అతను తన అసలు పేరు వదలడు. కూతురికి చెబుతాడు. కూతురు తన కొడుకుకు చెబుతుంది. అలా ఏడో తరందాకా ఆ పేరు చేరుతుంది. మా కార్యాలయంలో ఒక మిత్రుడు ఈ పుస్తకం కొని తెస్తే అది పదిమంది చేతులు మారి, అట్ట ఊడి తిరిగి వచ్చింది. ఇచ్చేటప్పుడు మా అటెండరు ఒకాయన, "సార్, వాళ్ళకు పేరు మార్చినారు. మాకు పేరు చివర తోక తగిలించినారు. అంతే గదా తేడా?" అన్నాడు. విముక్తి పత్రం రెండుసార్లు చదివించుకున్న మనిషి అప్పుడు నాకు అర్థమయ్యాడు.

మిత్రులారా, సాహిత్యం ఒక్కటే బానిసత్వాన్ని రద్దు చేసిందని నేను అనను. 'మాలపల్లి' వచ్చిన 1922కూ, చట్టం వచ్చిన 1976కూ మధ్య 54 ఏళ్ళ దూరం ఉంది. మధ్యలో పోరాటాలు ఉన్నాయి, ప్రాణాలు పోయాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. చట్టం వచ్చాక కూడా సుప్రీంకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో, రాతి క్వారీల్లో పనిచేసేవారి గురించి ఆ సంస్థ రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్న వ్యవహారంలో, వెట్టివారిని గుర్తించి విడిపించి పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని కోర్టు చెప్పింది. సాహిత్యం చేసింది ఏమిటంటే, కళ్ళెదుట ఉన్నదాన్ని కనపడేట్టు చేసింది. కనపడనిదాని మీద చట్టం చేయలేరు. చేసినా ప్రొఫార్మాలో 'కాదు' అని రాసి వచ్చేస్తారు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకపోతే నా ప్రసంగం పూర్తి కాదు. డగ్లస్ చిన్నతనంలో బాల్టిమోరులో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త వచ్చి మాన్పించాడు. చదువు వస్తే వీడు బానిసగా పనికిరాడు అన్నది అతని వాదం. ఆ మాట విని కుర్రవాడు, అయితే నాకు కావలసింది అదే అనుకున్నాడు. వీధి పిల్లలకు రొట్టె ముక్కలు ఇచ్చి అక్షరాలు నేర్చుకున్నాడు. అతనికి పలక లేదు. గోడల మీద, కంచె చెక్కల మీద సుద్దముక్కతో రాసుకున్నాడు.

పలక అంటే మార్కాపురం. దేశం నలుమూలలా పిల్లలు అ ఆలు దిద్దిన పలకలు మన రాళ్ళ నుంచి వచ్చాయి. ఆ పలకలు కోసి, అరగదీసి, చట్రం బిగించిన చేతుల్లో ఒకప్పుడు పిల్లల చేతులు చాలా ఉండేవి. 1987 నాటి జాతీయ బాల కార్మిక విధానం కింద దేశంలో మొట్టమొదట ప్రత్యేక ప్రాజెక్టులు పెట్టిన కొద్దిచోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మీర్జాపూర్ తివాచీలతో పాటు మన పేరు కూడా ఆ పట్టికలో చేరింది. బాల కార్మికత్వమూ వెట్టీ ఒకటే అని నేను అనడం లేదు. రెండింటికీ చట్టాలు వేరు. అయినా ఒకరి పిల్లవాడు రాసుకోవడానికి ఇంకొకరి పిల్లవాడు బడి మాని పలక చేయడం కంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. దాని మీద నవల రాలేదే అని నాకు ఇప్పటికీ లోటుగా ఉంటుంది.

ఇప్పుడు మన వంతు. ఈ సభలో కూర్చున్నవారిలో జీతగాళ్ళను పెట్టుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవారు ఉన్నారు. జీతానికి ఉన్నవారి ఇళ్ళ నుంచి చదువుకుని ఉద్యోగంలోకి వచ్చినవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుని ఒకే పెన్షన్ మీద బతుకుతున్నారు. ఇది మన తరం సాధించిన గొప్ప సంగతి. అయితే ఆ రోజులు చూసినవారిలో మనమే చివరివాళ్ళం. మన మనవలకు 'పాలేరు' అంటే ఖమ్మం వైపు నియోజకవర్గం పేరు. 'జీతం' అంటే ఒకటో తారీఖున బ్యాంకులో పడేది. మాట మరుగున పడితే పనికి ఇబ్బంది లేదు, అది వేరే పేరుతో నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు దాని పేరు 'అడ్వాన్సు'. వర్షం లేని ఏడు మన పల్లెల నుంచి జంటలు జంటలుగా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోతున్నారు. అందరూ వెట్టివారు కారు. ఆ అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే, కూలి లెక్క చెప్పకపోతే, పిల్లల్ని కూడా పనిలో పెడితే, అది 1976 చట్టం చెప్పిన వెట్టే.

అందుకని మూడు మనవులు చేసుకుంటున్నాను.

మొదటిది. రూల్సు చదవడం, అర్జీ రాయడం మనకు నలభై ఏళ్ళ విద్య. చట్టం ప్రకారం జిల్లాకూ సబ్ డివిజనుకూ విజిలెన్సు కమిటీలు ఉండాలి. విడిపించే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకూ ఆయన అప్పగించిన అధికారికీ ఉంది. పునరావాస సహాయం 1978లో మనిషికి 4 వేల రూపాయలు. 2016 పథకంలో పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలుగా నిర్ణయించారు. ఇది తెలియని కుటుంబం మన వీధిలో ఉంటే ఒక అర్జీ రాసిపెట్టండి. ఆ నాలుగు ప్రశ్నలూ ఓపికగా అడగండి.

రెండోది. 'మాలపల్లి', 'గబ్బిలం', 'ప్రజల మనిషి', 'ఏడు తరాలు' మన సంఘం గదిలోని బీరువాలో పెడదాం. మనవలు సెలవులకు వచ్చినప్పుడు రోజుకు నాలుగు పేజీలు వారి చేత చదివించుకుందాం. మనకు కళ్ళు కనపడవనే మిష ఎలాగూ ఉంది.

మూడోది. మీ ఊళ్ళో జీతగాడుగా ఉన్నవారి కథ ఒక్కటైనా రాయండి. కథ రాయడం రాదనకండి. ఊరు, సంవత్సరం, అప్పు ఎంత, గింజలు ఎన్ని, ఎప్పుడు విడుదల అయింది, పిల్లలు ఏం చదివారు, ఇవి రాయడం మనకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? వారిని అడిగి, వారు ఒప్పుకుంటేనే అచ్చు వేయిద్దాం. అయితే పేరు రాసేటప్పుడు మాత్రం పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు కూడా రాయండి. తోకలు వద్దు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.